నట్టల మందు గొఱ్ఱె కడుపులో ఎంతసేపు నిలుచును?

మీ గ్రామములో జీవాలకు నట్టల మందు తాపించు దినమును ఒకసారి జ్ఞప్తికి తెచ్చుకొనుడు. మంద తెల్లవారి మేతకు పోయి, పది గంటల వేళకు కడుపు నిండ మేసి, చెరువు గట్టున చెట్ల నీడకు చేరును. మందు సీసా, తాపుడు గొట్టము అక్కడకే వచ్చును. ఒకరు జీవమును పట్టుకొందురు, ఒకరు మూతి పైకెత్తుదురు, మూడవవారు మందు పోయుదురు. గొఱ్ఱెకు ఎంతో మేకకు అంతే. బరువు కంటితోనే అంచనా. రెండు వందల జీవాల పని గంటన్నరలో ముగియును. అందరకును తృప్తియే. ఇరువది అయిదు దినములు గడచునప్పటికి కొన్నిటి కనురెప్పల లోపలి పొర మరల తెల్లబడును. దవడ క్రింద నీరు దిగును. ఒకటి రెండు చచ్చును. అప్పుడు అందరి నోటను వినవచ్చు మాట ఒకటే: "మందు మంచిది కాదు."

మందు నిజముగానే చెడ్డదై యుండవచ్చును. గడువు తీరినదై యుండవచ్చును. పురుగే ఆ మందునకు లొంగనిదై యుండవచ్చును. ఇవి మనకు తోచు కారణములు. తోచనిది మరియొకటి కలదు. మందు మంచిదే, పురుగును చంపగలదే. కాని చంపుటకు కావలసినంత సేపు అది జీవము శరీరములో నిలువలేదు. లోనికి పోయినది, బయటకు వచ్చినది, అంతే. ఈ కారణమును పట్టుకొని కొందరు పరిశోధకులు ఏండ్ల తరబడి చేసిన పని మన కాపరులకు పనికివచ్చునదని తలచి ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

మన రెండు రాష్ట్రములకు ఇది చిన్న విషయము కాదు. 2019 పశుగణన ప్రకారము తెలంగాణలో సుమారు 1 కోటి 91 లక్షల గొఱ్ఱెలు, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 1 కోటి 76 లక్షల గొఱ్ఱెలు ఉన్నవి. దేశములో మరే రాష్ట్రమునను ఇన్ని లేవు. మేకలు వీనికి అదనము.

మందుల సంగతికి పోవుటకు ముందు పురుగు సంగతి కొంత తెలియవలెను. గొఱ్ఱెలను మేకలను మిక్కిలిగా నష్టపరచు నట్ట హిమాంకస్ అనునది. అంగుళము లోపు పొడవు, దారము సన్నము. ఆడ పురుగు లోపల రక్తము నిండిన ఎఱ్ఱని ప్రేగు, తెల్లని అండాశయము రెండును పెనవేసికొని, ఎఱుపు తెలుపు దారములు కలిపి పేనినట్లు కనిపించును. ఇది నాలుగవ పొట్టలో కఱచుకొని రక్తము పీల్చును. ఒక్కొక్క పురుగు దినమునకు 0.05 మిల్లీలీటరు రక్తము తీయునని లెక్క. ఇది అతి స్వల్పముగ తోచవచ్చును. వెయ్యి పురుగులున్న గొఱ్ఱె దినమునకు 50 మిల్లీలీటర్లు, అనగా చిన్న టీ గ్లాసునకు దగ్గరగా రక్తము పోగొట్టుకొనును. వానకాలములో పచ్చిక మీద వెయ్యి పురుగులు పట్టుట ఏమంత కష్టము కాదు. ఆడ పురుగు దినమునకు అయిదు వేలు మొదలు పది వేల వరకు గ్రుడ్లు పెట్టును. పెంటికలతో నేల మీద పడిన గ్రుడ్డు పిల్లపురుగై, గడ్డి మీదకు ప్రాకి, మరల జీవము కడుపులో పడిన మూడు వారములకు తానును గ్రుడ్లు పెట్టుటకు సిద్ధమగును. ఈ నట్ట వలన పాఱుడు తప్పక రావలెనని లేదు. అందుచేత చాలమంది కాపరులు జబ్బును ఆలస్యముగా గుర్తింతురు.

సిడ్నీలో ఒక ప్రయోగశాల

ఆస్ట్రేలియా దేశము గొఱ్ఱెల మీద బ్రతికిన దేశము. అక్కడ సిడ్నీ విశ్వవిద్యాలయపు ఆవరణలో 1931లో మెక్‌మాస్టర్ అను దాత ధనముతో పశు ఆరోగ్య ప్రయోగశాల ఒకటి వెలసినది. మన పశువైద్యశాలలలోను ప్రయోగశాలలలోను పెంటికలు పరీక్షించి గ్రుడ్లు లెక్కించుటకు ఒక గళ్ల గాజుపలక వాడుదురు. దాని పేరు మెక్‌మాస్టర్ పలక. ఆ పద్ధతిని 1939లో ప్రకటించినవారు ఆ ప్రయోగశాలలోని గార్డన్, వైట్‌లాక్ అనువారలు. ఈ విధముగా ఆ ప్రయోగశాల పేరు మనవారి నోట ఇప్పటికే ఉన్నది.

దానికి మొదటి అధిపతి ఇయాన్ క్లూనీస్ రాస్ అను పశువైద్యుడు. ఆ కాలమున నట్టలకు వాడునది మైలుతుత్తపు నీరు. కాపరి ఎంత జాగ్రత్తగా పోసినను కొన్ని గొఱ్ఱెలలో పురుగు చచ్చును, కొన్నిటిలో చావదు. ఎందుచేత? రాస్ కారణమును మందులో గాక గొఱ్ఱె పొట్టలో వెదకెను. నెమరువేయు జంతువునకు పొట్ట నాలుగు అరలని మీరెఱుగుదురు. మింగినది సామాన్యముగా పెద్దపొట్టలో పడును. కాని గొంతు దిగిన చోట ఒక గాడి కలదు. పాలు త్రాగు పిల్లలో ఈ గాడి పెదవులు ముడుచుకొని గొట్టమువలె మారి పాలను పెద్దపొట్టలో పడనీయక నేరుగా నాలుగవ పొట్టకు చేర్చును. పెద్ద గొఱ్ఱెలో ఈ గుణము చాలవరకు మఱగిపోవును. మైలుతుత్తపు నీరు నోట తగిలినచో గాడి మరల ముడుచుకొనుననియు, అప్పుడు మందు నేరుగా పురుగున్న నాలుగవ పొట్టలో పడుననియు 1930 ప్రాంతములలో రాస్ చూపెను. ఆ మందునకు కావలసినది అదియే. తగిలిన పురుగును అక్కడికక్కడ చంపవలెను గదా.

మైలుతుత్తము ఇప్పుడు పోయినది. పోయినదే మేలు. గొఱ్ఱెకు రాగి పడదు. కొలత తప్పినచో పురుగుకంటె ముందు గొఱ్ఱెయే చచ్చును. 1938లో ఫినోథయజీన్ వచ్చినది. 1961లో థయాబెండజోల్ వచ్చినది. దాని వెనుక ఫెన్‌బెండజోల్, ఆల్బెండజోల్, ఆక్స్‌ఫెండజోల్ వచ్చినవి. నేడు మీ ఊరిలో తాపించు తెల్లని మందు చాలవరకు ఈ కుటుంబములోనిదే.

ఈ కొత్త మందులు చంపు తీరు వేరు. ఇవి పురుగును కాల్చవు, తిమ్మిరి పట్టించవు. పురుగు ప్రేగులోని కణములకు లోపల సన్నని గొట్టములవంటి నిర్మాణము కలదు. తిన్నది ఒంట పట్టుటకు అది ఆధారము. మందు ఆ గొట్టములు కట్టుకొనకుండ అడ్డుపడును. పురుగు నోటి యెదుట రక్తమున్నను ఒంట పట్టించుకొనలేక మాడి చచ్చును. ఆకలిచావు గంటలో రాదు, దినములు పట్టును. ఒక గంటసేపు మందు ఎంత గాఢముగా తగిలినను, అది తొలగిపోయినచో పురుగు తేరుకొనును. ఈ మందునకు గాఢతకంటె నిలుకడ ముఖ్యము.

1978లో మెక్‌మాస్టర్ ప్రయోగశాలకు చెందిన రోజర్ ప్రిచర్డ్, డెస్ హెనెసి, జాన్ స్టీల్ అనువారలు ఈ సంగతిని వెలికితెచ్చిరి. ఒకేసారి పోసిన పెద్ద మోతాదుకంటె, కొద్దికొద్దిగా ఎక్కువ కాలము అందిన మందు ఎక్కువ పని చేయునని వారు చెప్పిరి. అటుపిమ్మట హెనెసి చాల ఏండ్లు ఇదే పనిలో గడపెను. మందు పోసిన గొఱ్ఱె నుండి వేళవేళకు రక్తము తీయుట, పొట్టలోని ద్రవము తీయుట, కార్జము నుండి దిగు పిత్తరసము తీయుట, ప్రతిదానిలోను మందు ఎంత ఉన్నదో, ఏ రూపములో ఉన్నదో కొలుచుట — విసుగు పుట్టించు పనియే. కాని గొఱ్ఱె లోపల మందు నడచు దారి యావత్తు దాని వలననే తెలిసినది.

ఆ దారి ఇట్లుండును. తెల్లని మందు నీటిలో కరగదు. పెద్దపొట్టలో పడిన పిమ్మట మేత నలుసులకు అంటుకొనును. మేత మెల్లగా క్రిందికి దిగుకొలది దానితో మందును మెల్లగా దిగును. అనగా పెద్దపొట్ట మందునకు గాదె వంటిది. దిగిన మందులో కొంత రక్తములోనికి పీల్చబడి కార్జమునకు చేరును. అక్కడ ఆల్బెండజోల్ రూపు మారి సల్ఫాక్సైడ్ అగును. పురుగును చంపునది ముఖ్యముగా ఇదియే. అందులో కొంత పిత్తముతోను, పొట్ట గోడల గుండను మరల ప్రేగులోనికి వచ్చి పురుగుకు తగులును. కార్జము దీనిని ఇంకొకసారి మార్చి సల్ఫోన్ చేయును. అది పురుగు నేమియు చేయజాలదు. గాదె నుండి మందు దిగుట, కార్జము దానిని మార్చుట, ఈ రెండిటి వేగము మీదనే పురుగు చావు ఆధారపడి యున్నది.

ఇప్పుడు చెరువు గట్టునకు తిరిగి వత్తము. కడుపు నిండ మేసిన గొఱ్ఱె, ఇంకను మేయుచున్న గొఱ్ఱె లోపల మేత ప్రవాహము జోరుగా నుండును. గాదె త్వరగా ఖాళీయగును, మందు కొట్టుకొనిపోవును. మేత తగ్గించిన గొఱ్ఱెలో ప్రవాహము మందగించి, మందు గాదెలో ఎక్కువ సేపు నిలిచి, రక్తములో దాని మట్టము ఎక్కువ కాలము ఉండును. హెనెసియు, ఆయన సహచరుడు అలీయు 1990 తరువాతి యేండ్లలో ఆక్స్‌ఫెండజోల్‌తో దీనిని కొలిచి చూపిరి. నోట పోయు ఐవర్‌మెక్టిన్ విషయమునను ఇట్లే యున్నదని 1996లో ప్రకటించిరి. అదే సీసా, అదే కొలత. మేత ఒక్కటే తేడా.

రాస్ కనిపెట్టిన గాడి ఇక్కడ తలక్రిందులైనది. నాటి మందునకు గాడి మూసికొనుట మేలు. నేటి మందు గాడి గుండ నేరుగా నాలుగవ పొట్టకు పోయినచో గాదెను తప్పించుకొని త్వరగా వెళ్లిపోవునని ప్రిచర్డ్, హెనెసి 1981లో చూపిరి. కావున మందును నోటి ముందు భాగమున పోయరాదు. నోటి ప్రక్క నుండి గొట్టము చొప్పించి నాలుక మొదలు దాటించి పోయవలెను. తల మాత్రము ఆకాశమునకు ఎత్తరాదు; ఊపిరితిత్తులలో మందు పడి చచ్చిన జీవాలు తక్కువ కాదు.

మేక గొఱ్ఱె కాదు

అన్నిటికంటె ముఖ్యమని మాకు తోచునది మేక సంగతి. 1993లో హెనెసి మొదలగువారు గొఱ్ఱెలకు మేకలకు ఒకే తూకమున ఆల్బెండజోల్ ఇచ్చి ప్రక్కప్రక్కన పోల్చిరి. మేక శరీరము మందును చాల త్వరగా మార్చి బయటకు పంపుచున్నది. వేపాకు, తుమ్మకాయ, చేదు వగరు రెమ్మలు ఏవైనను మేయగల జంతువు గనుక ఆకులలోని విషములను త్వరగా విఱుచు శక్తి దాని కార్జమునకు అబ్బినదని పరిశోధకులు భావింతురు. ఆ కార్జమునకు మన మందును మరియొక చేదు ఆకే!

కనుక గొఱ్ఱె కొలత మేకకు చాలదు. ఈ తెల్లని మందులు మేకకు గొఱ్ఱె కొలతకు రెట్టింపు ఈయవలెనని నేడు పశువైద్యులు చెప్పుదురు. కాని అన్ని మందులకును రెట్టింపు అని తలచరాదు. లెవామిసోల్ అను మందు హెచ్చినచో మేక వణకి, చొంగ కార్చి, పడిపోవును. దాని విషయమై డాక్టరు గారు చెప్పిన కొలతయే శిరోధార్యము.

లెక్క ఒకటి చేసి చూతము. ఆల్బెండజోల్ 2.5 శాతము మందు ఒక మిల్లీలీటరులో 25 మిల్లీగ్రాములు ఉండును. కిలో బరువునకు 5 మిల్లీగ్రాములు చొప్పున 30 కిలోల గొఱ్ఱెకు 150 మిల్లీగ్రాములు, అనగా 6 మిల్లీలీటర్లు. అంతే బరువుగల మేకకు రెట్టింపు చొప్పున 12 మిల్లీలీటర్లు. మన చెరువు గట్టున జరుగునది ఏమి? 30 కిలోల మేకను కంటితో చూచి 20 కిలోలని తలతురు. గొఱ్ఱె కొలతతో 4 మిల్లీలీటర్లు పోయుదురు. అందవలసినది 12, అందినది మూడవ వంతు. అదియు నిండు కడుపు మీద.

అందులో నష్టమేమి, కొన్ని పురుగులైనను చచ్చును గదా అని మీరనవచ్చును. నష్టమంతయు అందులోనే యున్నది. 1980 దశాబ్దము చివర కోస్తా జిల్లాల ప్రత్తి చేలలో శనగపచ్చ పురుగు ఏ మందునకును లొంగక రైతులు పడిన బాధ మీలో పెద్దలకు జ్ఞాపక మున్నది. నట్టల సంగతియు అదే. చాలని మందు మెత్తని పురుగును చంపి మొండిదానిని మిగుల్చును. మిగిలినది మొండి గ్రుడ్లు పెట్టును. థయాబెండజోల్ వచ్చినది 1961లో. దానికి లొంగని హిమాంకస్ అమెరికాలో కనిపించినది 1964లోనే. మన దేశములో 1976 నాటికే ఉత్తర ప్రదేశపు గొఱ్ఱెలలో అట్టి పురుగు బయటపడినది. 1981లో వచ్చిన ఐవర్‌మెక్టిన్ తిరుగులేనిదన్నారు. పదేండ్లు నిండకముందే దక్షిణాఫ్రికాలో దానికిని లొంగని పురుగు పుట్టినది. కొత్త మందులు ఏటేట పుట్టునవి కావు. ఉన్న నాలుగింటిని చెడగొట్టుకొన్నచో కాపరికి మిగులునది ఏమి?

మీరు చేయదగినది

మందు తాపించు ముందటి దినము మధ్యాహ్నము నుండి మేత తగ్గించి, రాత్రి దొడ్డిలో మేత లేకుండ ఉంచి, తెల్లవారగనే మేతకు తోలకముందే తాపించవలెను. తరువాత కొన్ని గంటలు ఆగి మేతకు విడువవలెను. నీరు మాత్రము ఎప్పుడును మానిపించరాదు. నెలలు నిండిన చూడి గొఱ్ఱెలను, జబ్బుతో నీరసించినవానిని, లేత పిల్లలను పస్తు పెట్టరాదు. కట్టిన మొదటి నెలలో ఆల్బెండజోల్ అసలే తాపరాదు, కడుపులోని పిల్లకు అవకరము కలుగును. పొట్టేళ్లను మందలో విడిచిన తేదీ గోడ మీద బొగ్గుతో వ్రాసికొన్నను చాలును.

గ్రామ అధికారులకు ఒక మనవి. పశుసంవర్ధక శాఖలవారు విడతలవారీగా ఉచితముగ నట్టల మందు తాపించుచున్నారు. ఆ దినమును నిర్ణయించునప్పుడు వేళ ఉదయమే యుండునట్లు చూచి, ముందటి సాయంత్రమే దండోరా వేయించుడు. వ్రేలాడు కాటా ఒకటి పంచాయతీలో ఉండవలెను. అన్నిటిని తూచనక్కరలేదు. పెద్దవి, నడిమివి, పిల్లలు అని మూడు గుంపులు చేసి, ఒక్కొక్క గుంపులో అన్నిటికంటె బరువైనదానిని తూచి దాని కొలతయే ఆ గుంపునకంతకు పోయవచ్చును. మేకలను వేరుగా కట్టవలెను. మందు సీసాను తాపుచున్నంత సేపును కుదుపుచుండవలెను. కరగని మందు అడుగున దిగినచో మొదటి గొఱ్ఱెలకు నీరు, చివరివానికి మడ్డి దక్కును. సీసా మీది అచ్చు తరచు ఆవగింజంత ఇంగ్లీషు అక్షరములలో నుండును. చదువుకొన్న పిల్లలచేత చదివించి శాతము ఎంతో తెలిసికొనుడు.

మంద కంతటికి ప్రతిసారి తాపించవలెనా అను ప్రశ్న కూడ నేడు లేచుచున్నది. దక్షిణాఫ్రికాలో 1990 తరువాత ఫాఫా మాలన్ అను పశువైద్యుడు, ఆయన తోటివారు కనురెప్ప లోపలి రంగును అయిదు మెట్లుగా విభజించి ఒక పటము వేసిరి. ఎఱ్ఱగా ఉన్నదానికి మందు అక్కరలేదు. తెలుపు తిరిగినదానికే తాపుదురు. ఇందులో లాభము ఖర్చు తగ్గుట మాత్రమే కాదు. మందు తగలని గొఱ్ఱెల నుండి మెత్తని పురుగుల గ్రుడ్లును పచ్చికలో పడుచుండును గనుక మొండి జాతి ఒక్కటే పెచ్చు పెరుగదు. అయితే కార్జపు జలగ పట్టినను రెప్ప తెల్లబడును. చెరువు శిఖములో, పల్లపు నేలలో మేయు మందలవారు ఈ పటమునే నమ్మి కూర్చుండక డాక్టరుకు చూపవలెను.

మందు శరీరములో నిలుచుట మనకు లాభమని ఇంతవరకు చెప్పితిమి. దానికి రెండవ వైపును కలదు. పురుగుకు తగులు మందు పాలలోను మాంసములోను ఉండును. ఐవర్‌మెక్టిన్ క్రొవ్వులో చేరునది గనుక పాలలోనికి చాల దినములు దిగును. దానిలో అధిక భాగము పేడతో పోవును. ఆ పేడలో పేడపురుగుల పిల్లలు బ్రతుకవు, పేడ నేలలో కలియుట ఆలస్యమగును. పాలిచ్చు మేకకు, కోతకు అమ్మదలచిన పొట్టేలుకు ఏ మందు పోసిన ఎన్ని దినములు ఆగవలెనో డాక్టరును అడిగి తెలిసికొని మరీ పోయవలెను. సంతకు తోలుటకు రెండు దినముల ముందు నట్టల మందు తాపించు అలవాటు కొన్ని చోట్ల కలదు. అది తినువారికి చేయు అపకారము.

ఇంత చేసినను మందు పని చేసినదో లేదో కంటికి తెలియదు. తాపించు దినమున పది జీవాల పెంటికలు, మరల పది మొదలు పదునాలుగు దినముల తరువాత అవే పది జీవాల పెంటికలు పశువైద్యశాలకు చేర్చినచో మెక్‌మాస్టర్ పలక మీద గ్రుడ్లు లెక్కింతురు. నూటికి తొంబదియైదు గ్రుడ్లకు తక్కువగా తగ్గినచో ఆ మందు మీ మందలో పట్టు తప్పినదని అనుమానించి, డాక్టరు గారు వేరు జాతి మందు వ్రాయుదురు. పెంటికలు నేల మీద ఏరి తేరాదు. జీవము మలద్వారము నుండియే తీసి, ఒక్కొక్కదానిని వేరువేరు ప్లాస్టిక్ సంచులలో గాలి లేకుండ కట్టి, జీవము గుర్తు వ్రాసి, ఎండ తగులనీయక ఆ పూటనే చేర్చవలెను. మరునాటికి ఉంచినచో గ్రుడ్లు సంచిలోనే పిల్లలై లెక్క తప్పిపోవును.